అభిప్రాయం చెప్పినందుకు ఉద్యోగం తీసేస్తారా? మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నమస్కరించి రాస్తున్న లేఖ. ఇదే విషయమై మీకు రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో విన్నవించుకున్నాను. అందినట్లు రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఈసారి పదిమంది ముందు రాస్తున్నాను.

మా అమ్మాయి బెంగళూరులోని ఒక పెద్ద సాంకేతిక సంస్థలో ఆరేళ్లు పనిచేసింది. యాజమాన్యం ఒక రాజకీయ పక్షం వైపు మొగ్గుతోందని సంస్థ లోపలి చర్చా వేదికలో నాలుగు వాక్యాలు రాసింది. మరునాటి సాయంత్రానికి ఆమె కంప్యూటర్ తెరుచుకోలేదు. సంజాయిషీ అడగలేదు. గుర్తింపు కార్డు తీసుకున్నారు. దాని తాడు మా తలుపు పక్కన మేకుకు ఇంకా వేలాడుతోంది. ఇంటి అప్పు వాయిదా నా పింఛనులోంచి కడుతున్నాం. అది భరించగలను. రోజూ పత్రిక చదివి నాతో వాదించే పిల్ల, ఇప్పుడు వార్తలు మొదలైతే లేచి వెళ్లిపోతోంది.

ఆమె అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించను కూడా. గూగుల్ 2017లో తన వైవిధ్య విధానాలను విమర్శించిన ఇంజినీరును, 2024లో ఇజ్రాయెల్ ప్రభుత్వ ఒప్పందంపై నిరసన తెలిపిన ఉద్యోగులను తొలగించింది. దెబ్బ ఏ పక్షానికైనా తగులుతుంది. మన రాజ్యాంగంలో భావప్రకటనా స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది. కాలిఫోర్నియా కార్మిక చట్టంలోని 1101, 1102 సెక్షన్లు మాత్రం ఉద్యోగుల రాజకీయ కార్యకలాపాలను యజమానులు నియంత్రించకుండా నిషేధిస్తున్నాయి.

అటువంటి రక్షణ మన చట్టంలోనూ చేర్చండి. రాతపూర్వక కారణం, సంజాయిషీకి గడువు, సంస్థ బయటి అధికారికి అప్పీలు లేకుండా ఎవరినీ తొలగించరాదని నిబంధన తెండి. నా లేఖకు జవాబు ఇప్పించండి.

భవదీయుడు,
ఒక తండ్రి, అనంతపురం