పిడికిలి బలానికి మన లెక్కలేవి?

సంపాదకులకు,

మా మనవడికి పదమూడేళ్లు. సైకిల్ మీంచి పడి ముంజేయి విరిగింది. కట్టు విప్పాక ఫిజియోథెరపీకి తీసుకెళ్తే, పిడికిలితో నొక్కే గ్రిప్ మీటరు చేతికిచ్చారు. కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి ఒంటికి ఆనించి తొంభై డిగ్రీలు మడిపించి, మూడుసార్లు నొక్కించారు. విరిగిన చేతికి 11 కిలోలు, బాగున్న చేతికి 19. ‘ఈ వయసుకు 19 సరిపోతుందా అమ్మా?’ అని ఫిజియోథెరపిస్టును అడిగితే ఆమె చూపించిన పట్టిక విదేశీ పిల్లలది. ‘మన పిల్లల లెక్కలు నా దగ్గర లేవు సార్’ అంది.

ముప్పై ఏళ్లు బడిలో ఆటలు నేర్పినవాణ్ని, ఆ మాట గుచ్చుకుంది. అలాగని మేం కొలవలేదా? ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో నాలుగో తరగతి నుంచే 50 మీటర్లు, 600 మీటర్ల పరుగులు, కర్లప్‌లు (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం), పుష్‌అప్‌లు ఉన్నాయి. పుష్‌అప్‌తో తంటా ఏమిటంటే, పిల్లాడు ఎత్తేది తన ఒంటినే. బొద్దుగా ఉన్నవాడు ఒక్కటీ తీయలేక సున్నా తెచ్చుకుంటాడు, బక్కపల్చటివాడు ఇరవై తీస్తాడు. మా బడిలో నీళ్ల క్యాన్ భుజానేసుకుని మేడెక్కేది మాత్రం ఆ సున్నావాడే. ఇక సాయంత్రంలోగా ఈ పరీక్షల అంకెలతో యాప్ నింపాలన్న టెన్షన్‌లో కంటితో కొలిచి వేసిన అంకెలు ఎన్నో! నేనూ వేశాను.

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని వైద్య బృందాలు బడులకొచ్చి పిల్లల ఎత్తు, బరువు చూస్తున్నాయి. ఒక్కో బృందానికి ఒక గ్రిప్ మీటరు ఇస్తే పిల్లాడికి రెండు నిమిషాల పని. కొలిచే తీరు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే ఉండాలి. ఒక బడిలో నిలబెట్టి, ఇంకో బడిలో కూర్చోబెట్టి తీసిన అంకెలు కలిపితే ఎందుకూ పనికిరావు. వయసొక్కటే రాసుకున్నా చాలదు. ఎనిమిదో తరగతిలో మీసం మొలిచినవాడూ మొలవనివాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు, బలంలో ఇద్దరికీ పొంతనే ఉండదు. ఎత్తు, బరువు పక్కనే పట్టు రాసి, మరుసటేడు వాడి అంకెతోనే వాణ్ని పోల్చాలి. ర్యాంకులు కట్టి గోడకు అంటించొద్దని మాత్రం చేతులెత్తి దండం పెడుతున్నా.

‘ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని కొలవడం దేనికి?’ అంటారేమో. మావాడి విరిగిన చేయి ఇప్పుడు 17కి వచ్చింది. రెండో చెయ్యి బాగుంది కాబట్టి దానితో పోల్చి చూసుకుంటున్నాం. రెండు చేతులూ పట్టు తప్పిన పిల్లాడొస్తే దేనితో పోలుస్తారు?

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, కామారెడ్డి