మీ అమ్మని తొయోసులో చూశాన్రా

ఒరేయ్ శ్రీనూ,

నీ మెసేజ్ వచ్చి రెండు నెలలైంది, జవాబు ఇవ్వలేదు. ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకుని అప్పుడు చదువు. మీ అమ్మకి, అదే అత్తకి, మోకాలి ఆపరేషన్ అయిందని అక్క చెప్పిన రోజే ఫోన్ చేయాల్సింది, రేపు రేపు అనుకుంటూ చేయలేదు, తప్పు నాదే. ఆఫీసు పని మీద టోక్యో వచ్చి పదహారు రోజులైంది, రేపు తిరుగు ప్రయాణం. పిల్లలకి సెలవులు, చిన్నదానికి ఇంకో పన్ను ఊడింది. అంతే, వేరే కబుర్లేం లేవు.

అసలు విషయానికొస్తా. నిన్న పొద్దున్నుంచి నీకు చెప్పాలని గిలగిల్లాడిపోతున్నా. ఇక్కడ ఎవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది, నీకైతే మొత్తం తెలుస్తుంది.

నిన్న తొయోసు చేపల మార్కెట్‌కి వెళ్ళాను. పాత సుకిజీ మార్కెట్ పేరు వినే ఉంటావు, 1935 నుంచి అక్కడే ఉండేది. 2018 అక్టోబర్‌లో దాన్ని ఇక్కడికి మార్చారు. నిజానికి 2016లోనే రావాల్సింది, కానీ ఈ స్థలంలో ఒకప్పుడు గ్యాస్ ఫ్యాక్టరీ ఉండేది, మట్టిలో విషాలున్నాయని పెద్ద గొడవై రెండేళ్ళు వాయిదా పడింది. సరే, అదంతా వదిలెయ్. ట్యూనా వేలాన్ని దగ్గర్నుంచి చూడాలంటే ముందు నెలలోనే పేరిచ్చి లాటరీలో గెలవాలి. ఏప్రిల్‌లో ఇచ్చాను, వచ్చేసింది! మన ఇద్దరిలో ఎవరికైనా లాటరీ తగలడం ఇదే మొదటిసారి, ఆ ఇత్తడి బిందె లెక్కలోకి రాదు.

హోటల్ తొయోసు స్టేషన్ దగ్గరే తీసుకున్నా. తెల్లవారుజామున అలారం కంటే ముందే మెలకువ వచ్చేసింది, హార్బర్‌కి చేపల కోసం వెళ్ళే రోజుల్లో మీ ఇంటి తలుపు చప్పుడుకి లేచేవాడిని చూడు, అలాగన్నమాట. ఇక్కడ మే నెలలో నాలుగున్నరకే తెల్లారిపోతుంది. ఖాళీ రోడ్ల మీద నడుచుకుంటూ వెళ్ళాను, పక్కన సముద్రం ఉంది కానీ వాసన లేదురా. లోపలికి వెళ్ళినా లేదు! అంత చేప ఉన్న చోట నీచు వాసనే లేకపోవడం నాకైతే నచ్చలేదు. మొత్తం మూసేసిన భవనం, లోపలంతా చల్లదనం. చేపకి అదే మంచిదట. మంచిదే, కానీ ఏదో లోటు.

వేలం అయిదున్నరకి మొదలవుతుంది. మమ్మల్ని ఒక గాజు వసారాలాంటి చోటికి తీసుకెళ్ళారు. అద్దం పైకప్పు దాకా లేదు కాబట్టి కింద జరిగేదంతా వినిపిస్తుంది. కింద ఆకుపచ్చ నేల, దాని మీద వరసలు వరసలుగా ట్యూనాలు. మన సూర చేపే, కానీ ఒక్కొక్కటి ఎద్దు దూడంత ఉంది. తోక కోసేసి ఉంది, గడ్డకట్టిన వాటి నుంచి తెల్లటి పొగ లేస్తోంది. నేలకి ఆకుపచ్చ రంగు ఎందుకంటే, దాని మీద ఎర్ర మాంసం రంగు బాగా తెలుస్తుందని.

ఇప్పుడు విను. కొనేవాళ్ళు రబ్బరు బూట్లు, టోపీకి నంబరు బిళ్ళ, ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో చిన్న కొక్కెం. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అందులో ఒకాయన, అరవై దాటి ఉంటాయి, పొట్టిగా, కాస్త వంగి నడుస్తున్నాడు. ఒక చేప దగ్గర కూర్చుని తోక కోసిన చోట టార్చి వేశాడు. కొక్కెంతో కొంచెం మాంసం గీరి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య పెట్టి నలిపాడు. నలిపి వేళ్ళు వెలుగులో పెట్టి చూసుకున్నాడు. కొవ్వు ఎంతుందో వేలి వెచ్చదనానికే తెలిసిపోతుందట, మంచి చేపయితే నూనెలా జారుతుందట. ఆయన చూశాడు, ఏమీ అనలేదు, మొహంలో ఏమీ లేదు, నడుముకి కట్టుకున్న తువ్వాలుకి వేళ్ళు తుడుచుకుని పక్క చేపకి వెళ్ళిపోయాడు.

ఒరేయ్, అది మీ అమ్మరా!

బొటనవేలితో మొప్ప ఎత్తి చూసేది, పొట్ట నొక్కేది, నచ్చకపోతే ఒక్క మాట కూడా అనకుండా చెంగుకి చెయ్యి తుడుచుకుని ముందుకెళ్ళిపోయేది. అమ్మేవాడు "ఏంటమ్మా, ఏంటి బాలేదు" అని వెనకాల అరుస్తూనే ఉండేవాడు, ఆవిడ తిరిగి చూసేది కాదు. అదే తుడవడం, అదే తిరిగి చూడకపోవడం. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. పక్కనున్న ఆస్ట్రేలియా ఆవిడ ఏమైంది అని అడిగింది, ఏం చెప్పను, "మా స్నేహితుడి అమ్మ గుర్తొచ్చింది" అన్నా, ఆవిడ పాపం పోయారేమో అనుకుని సారీ చెప్పింది. లేదు లేదు, నిక్షేపంలా ఉన్నారు, మోకాలే కొంచెం, అని చెప్పేసరికి...

ఈలోగా గంట మోగింది. చేతిగంట, బళ్ళో మోగించేలాంటిది. వేలం పాడేవాడు పీట ఎక్కి పాటలాగా, కాదు, పాట కాదు, ఊపిరి తీసుకోకుండా ఏదో చదువుతున్నట్టు మొదలెట్టాడు, ఒళ్ళంతా ఊగిపోతోంది. కొనేవాళ్ళు మాత్రం నోరు మెదపరు. వేళ్ళు పైకెత్తుతారు, ఏ వేళ్ళు ఎలా ముడిస్తే ఏ అంకె అన్నది వాళ్ళ భాష, అదీ కిలోకి ఇంత అని. నాలుగైదు సెకన్లు, ఒక చేప అయిపోయింది. మళ్ళీ ఇంకోటి. మన హార్బర్‌లో అందరూ అరుస్తారు కదా, ఇక్కడ ఒక్కడే అరుస్తాడు, మిగతావాళ్ళు వేళ్ళతో మాట్లాడతారు. నేను మా పెద్దాయన్నే చూస్తూ ఉన్నా. ఆయన ఒక్కసారే చెయ్యెత్తాడు, ఒక్క చేపే తీసుకున్నాడు. ఇన్ని చేపలు చూసి ఒక్కటి! అత్త కూడా ఆదివారం పూట గంపంతా తిరగేసి ఒక్క కోనాం పట్టుకొచ్చేది, నువ్వేమో అలిగేవాడివి, మూడో గంప గొడవ గుర్తుందా?

మాకు ఇచ్చింది పది నిమిషాలే, తర్వాత మర్యాదగా బయటికి పంపేశారు.

అత్తకి ఒక లెక్క చెప్పు. 2019లో కొత్త సంవత్సరం మొదటి వేలంలో, ఇదే మార్కెట్‌లో, ఓమా అనే ఊరి దగ్గర పట్టిన 278 కిలోల ట్యూనాని 33 కోట్ల 36 లక్షల యెన్లకి కొన్నారు. కిలో పన్నెండు లక్షల యెన్లు! ఒక సుషీ హోటళ్ళ యజమాని పాడుకున్నాడు. మామూలు రోజుల్లో అంతుండదులే, అది కొత్త సంవత్సరం సంబరం, పేపర్లలో పేరు కూడా వస్తుంది. అయినా విని ఆవిడ మొహం ఎలా పెడుతుందో వీడియో తీసి పంపు. మేడ మీద నడవాలో ఒక ట్యూనా బొమ్మ పెట్టారు, 1986లో సుకిజీకి వచ్చిన 496 కిలోల చేపంత. పక్కన నిలబడి ఫొటో దిగాను, పంపిస్తా.

చేపలు కోసి అమ్మే చిన్న వర్తకుల దగ్గరికి మాత్రం మనల్ని వెళ్ళనివ్వరు. పైనుంచి కిటికీల్లోంచి చూడాలి, అది కూడా సరిగ్గా కనపడదు. సుకిజీలో అయితే వాళ్ళ మధ్యలోనే తిరిగేవారట, ఆ రోజుల్లో రాలేకపోయానే అని బాధేసింది. గొయ్యి మీద గంతేసినట్టు దూసుకుపోయే చిన్న బళ్ళున్నాయి, ముందు గుండ్రటి డ్రమ్ము, దాని చుట్టూ చక్రం, మనిషి నిలబడి తోలతాడు. సాయిగాడైతే పిచ్చెక్కిపోయేవాడు.

తర్వాత గంటన్నర లైన్లో నిలబడి పచ్చి ట్యూనా తిన్నాను. అవును, నేనే. కొవ్వున్న ముక్క అందరూ పొగుడుతారు, నాకు మాత్రం ఏ కొవ్వూ లేని ఎర్ర ముక్కే నచ్చింది, కాస్త ఇనుము రుచి, నోరు కొరికినప్పుడు వచ్చే రుచిలాంటిది, కానీ తియ్యగా.

పై అంతస్తులో మార్కెట్ వాళ్ళ కోసం కత్తులు, బూట్లు అమ్మే కొట్లున్నాయి. అక్కడ అత్తకి ఒక కొక్కెం కొన్నాను, చెక్క పిడిది, సరిగ్గా ఆయన చేతిలో ఉన్నలాంటిదే. వేట నిషేధం జూన్ 14 దాకా కదా, అది అయ్యి పడవలు తిరిగొచ్చే లోపు ఆవిడ నడవాలి, నడిచి తీరాలి. మొదటి రోజు మనం ముగ్గురం వెళ్దాం, బుట్ట నేను మోస్తా, నువ్వు ఆవిడ చెయ్యి పట్టుకో. డాక్టర్ ఏమంటున్నాడు? మెట్లు ఎక్కనిస్తున్నారా? నువ్వు అసలు ఆ విషయం రాయనే లేదు, ఫిజియోథెరపీకి రోజూ తీసుకెళ్తున్నావా లేక

కింద టాక్సీ వచ్చేసిందట, మా వాళ్ళు ఫోన్ మీద ఫోన్. మిగతాది వచ్చాక.

నీ
బుజ్జిగాడు