చెఫ్‌లకు క్రీడా పోషకాహార కోర్సు కావాలి

ఏళ్ల తరబడి వంటగదిలో పనిచేసిన చెఫ్‌లు క్రీడా పోషకాహార రంగంలోకి మారాలనుకుంటే నెల్లూరులో దారి దొరకడం లేదు. 14 ఏళ్లుగా హోటళ్లలో వండుతున్న నేను కాలేజీల చుట్టూ తిరిగాను. ఇంటర్‌లో సైన్సు లేదని, హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పనికిరాదని మొదటి మాటకే తిప్పి పంపారు. అవసరం మాత్రం కళ్లెదుటే ఉంది. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో సాయంత్రం ప్రాక్టీసు ముగిశాక మొన్న ఓ కబడ్డీ కుర్రాడు బండి దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, బ్యాగులోంచి ప్రొటీన్ పౌడర్ డబ్బా తీసి, మంచినీళ్ల బాటిల్లో కలుపుకుని గటగటా తాగేశాడు. చూసి ప్రాణం ఉసూరుమంది. గట్టిగా సాధన చేసేవారికి ఒంటి బరువులో కిలోకు 1.4 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల కుర్రాడికి కనీసం 84 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. ఆ లెక్కను చేపల పులుసు, పెసరట్టు, ఉడికించిన శనగలుగా మార్చి, హాస్టల్ ఖర్చులోనే నోటికి రుచిగా పెట్టడం మాకు చేతనైన పని. జీవరసాయనం, శరీరధర్మ శాస్త్రం మాకు రావు, అవి నేర్పాలి. డైటీషియన్ అర్హతకు అడ్డదారి అడగడం లేదు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మాలాంటివారికి ఏడాది బ్రిడ్జి కోర్సు పెట్టాలి. క్లాసులు ఉదయం ఉండాలి, మా డ్యూటీ రాత్రి 11 దాటితే గానీ దిగదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పోషక విలువల పట్టికలను పాఠంగా చెప్పి, ప్రాక్టికల్స్ క్రీడాకారులుండే హాస్టళ్ల వంటశాలల్లో చేయించాలి. పాసైనవారిని జిల్లా క్రీడాధికారులు అక్కడే డైటీషియన్ పర్యవేక్షణలో నియమించాలి.

– ఒక హోటల్ చెఫ్, నెల్లూరు