కాంక్రీటు పాఠంలోనే కార్బన్ లెక్క చెప్పాలి

సంపాదకులకు,

ఇంజనీరింగ్ కోర్సుల్లో సుస్థిరతకు ప్రత్యేకంగా ఒక సబ్జెక్టు పెట్టాలంటూ మీ పత్రికలో వ్యాసం వచ్చి పది రోజులైంది. 19 ఏళ్లుగా సివిల్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

దయచేసి ఇంకో పేపరు వద్దు. పర్యావరణం పేరుతో ఇప్పటికే ఉన్న పేపరు గతి ఏమైందో కాలేజీల్లో పనిచేసే అందరికీ తెలుసు. ఎవరికి క్లాసులు తక్కువుంటే వాళ్లకి అంటగడతారు. పిల్లలు పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి, సుస్థిరాభివృద్ధికి 1987 నాటి ఐక్యరాజ్యసమితి బ్రంట్‌లాండ్ నివేదిక ఇచ్చిన నిర్వచనం బట్టీ పట్టి, పాసై, మర్నాటికి మరిచిపోతారు. వాళ్లని అనడానికి లేదు.

అసలు చెప్పాల్సిన చోటు కోర్ సబ్జెక్టులు. సిమెంటు కోసం సున్నపురాయిని కాలుస్తాం. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అది బొగ్గు పొగ కాదు, రాయిలోంచే వచ్చేది. ఇంధనం మార్చినా అది ఆగదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7, 8 శాతం దాకా ఉంటుంది. ఇది కాంక్రీటు డిజైన్ చెప్పేటప్పుడు కాక ఇంకెప్పుడు చెబుతాం?

పోయినేడాది ఒక విద్యార్థి బీమ్ డిజైన్ చేసి తెచ్చాడు. 450 మి.మీ. లోతు సరిపోయేచోట 600 వేశాడు. ఎందుకని అడిగితే "సేఫ్‌గా ఉంటుందని మేడమ్" అన్నాడు. మూడో వంతు కాంక్రీటు అదనం. అయినా ఫుల్ మార్కులే వేశాను, తగ్గించడానికి మార్కుల స్కీములో చోటే లేదు. ఈ ఏడాది అదే లెక్కకి ఒక ప్రశ్న కలిపాను: ఇందులో సిమెంటు ఎంత, కొంత బదులు ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే బూడిద) వాడితే కార్బన్ ఎంత తగ్గుతుంది? క్లాసులో పావుగంట పట్టింది, అంతే. ఆ పిల్లలు ఇప్పుడు అడక్కుండానే లోతు తగ్గించి చూస్తున్నారు.

మిగతా బ్రాంచీలకీ ఇదే వర్తిస్తుంది. పెట్రోల్‌లో సీసం, ఫ్రిజ్‌లకు సీఎఫ్‌సీ వాయువులు, రెండింటి వెనకా ఉన్నది థామస్ మిడ్జ్లీ అనే ఇంజనీరే. అప్పటి సమస్యలకి రెండూ బాగానే పనిచేశాయి. తర్వాత సీఎఫ్‌సీలు దెబ్బతీస్తున్న ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకోవాల్సొచ్చింది. రిఫ్రిజిరేషన్ పాఠంలో ఈ కథ ఎంతమంది చెబుతున్నారు? 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగుపడ్డాయి, సరిగ్గా రీసైకిల్ అయినట్టు లెక్క తేలింది పావు వంతు కూడా లేదు. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టు వైవాలో "బ్యాటరీ పోతే ఈ డబ్బా ఎలా తెరుస్తావు?" అని మాత్రం ఎవరూ అడగరు.

పైవాళ్ల తీరు చూస్తే ఇంకా బాధేస్తుంది. కోర్సుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే అక్రిడిటేషన్ బృందం వస్తుందంటే నెల ముందు నుంచి ఫైళ్ల టెన్షన్. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందం పట్టభద్రులకు ఉండాలన్న లక్షణాల్లో సుస్థిరత ఉంది కాబట్టి, ఏ సబ్జెక్టు దాన్ని ఎంత తీరుస్తుందో పట్టికలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. అవన్నీ ఒక్క రాత్రిలో నింపేస్తాం. ప్రశ్నపత్రం తీసి చూసేవాళ్లు లేరు. ఖాళీ పోస్టులు నింపరు. ఉన్నవాళ్లకి శిక్షణ అంటే రెండు రోజుల ఆన్‌లైన్ ఉపన్యాసాలు, ఒక సర్టిఫికెట్.

విశ్వవిద్యాలయాలు కొత్త సిలబస్ కమిటీ వేసే ముందు ఒక్క పని చేయాలి. ప్రతి డిజైన్ పేపర్లో పదార్థం, శక్తి, వ్యర్థం లెక్క అడిగే తప్పనిసరి ప్రశ్న ఒకటి పెట్టి, దానికి మార్కులివ్వాలి. వచ్చే సెమిస్టర్ ప్రశ్నపత్రాల నుంచే పెట్టొచ్చు.

— ఒక సివిల్ ఇంజనీరింగ్ అధ్యాపకురాలు