కుడి కన్నో ఎడమ కన్నో చీటీలో పూర్తిగా రాయండి

సంపాదకులకు,

నెల్లూరు, తిరుపతి ప్రాంతాల వాళ్లకు కంటి జబ్బు వస్తే మొదట గుర్తొచ్చేది చెన్నపట్నమే. ఇప్పుడు ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లోనే మొదలైంది. ఇక్కడి వైద్యానికి వంక పెట్టడం లేదు. ఆపరేషన్ అయ్యాక ఎక్కడైనా చేతికిచ్చే మందుల చీటీ గురించే నా బాధ.

సూళ్లూరుపేటలో ఉండే మా పిన్ని నగర శివార్లలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి కంటికి శుక్లం తీయించుకుంది. చీటీలో చుక్కల మందు పేరు, పక్కన ఇంగ్లిషులో 'ఓడీ', ఆ తరువాత గిలికినట్టున్న 6. కంటి డాక్టర్లకు ఓడీ అంటే కుడి కన్ను. ఆక్యులస్ డెక్స్‌టర్ అనే లాటిన్ పేరుకు పొడి అక్షరాలవి. మాత్రల చీటీల్లో మాత్రం అవే అక్షరాలకు రోజుకు ఒకసారి అని అర్థం. మందుల షాపు కుర్రాడు రోజూ చూసేవి ఆ మాత్రల చీటీలే. రోజుకొక చుక్క చాలన్నాడు. వేయాల్సింది ఆరుసార్లు! ఏ కంటికో తెలియక పిన్ని రెండు కళ్లలోనూ వేసుకుంది. మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి కుడి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోతోంది. తరువాత నయమైంది కానీ, ఆవిడ పడనక్కర్లేని బాధ అది.

ఓఎస్ అంటే ఎడమ కన్ను, ఓయూ అంటే రెండూ. చెవులకైతే ఏడీ, ఏఎస్, ఏయూ. తొందరలో మొదటి అక్షరం చెదిరితే చెవి మందు కంట్లో పడుతుంది. పొరపాట్లకు దారితీసే పొడి అక్షరాల జాబితాలో మందుల వాడకంలో పొరపాట్లు జరగకుండా చూసే అమెరికాలోని ఐఎస్ఎంపీ సంస్థ వీటిని చేర్చి, కుడి కన్ను, ఎడమ కన్ను అని పూర్తిగా రాయమంటోంది. మన దేశంలో మందుల జెనరిక్ పేర్లు, అంటే కంపెనీ పెట్టిన పేర్లు కాక మందు అసలు పేర్లు, స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లో నిబంధన పెట్టింది. మంచిదే. అయితే మందు పేరు ఎంత స్పష్టంగా ఉన్నా, ఏ కంట్లో ఎన్నిసార్లు వేయాలో తెలియకపోతే రోగికి ఏం లాభం? శుక్లం ఆపరేషన్ తరువాత స్టెరాయిడ్ చుక్కలను డాక్టరు చెప్పినట్టే క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. ముందే మానేస్తే వాపు తిరగబెట్టవచ్చు. చాలాకాలం అనవసరంగా వేసుకుంటే కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులకు (గ్లాకోమాకు) దారితీస్తుంది.

ఓపీ రద్దీలో డాక్టర్లకు ఊపిరాడదని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను: ఒక ముఖం బొమ్మ, రెండు కళ్లు, పక్కన పూటల గళ్లు ఉన్న రబ్బరు స్టాంపు చేయించండి. మందు వేయాల్సిన కంటిమీద టిక్కు పెడితే చదువురాని వాళ్లకూ అర్థమవుతుంది. కంప్యూటర్ చీటీలు ఇచ్చేచోట ఒక్కసారి మార్చుకుంటే సరిపోతుంది. తమిళంతో పాటు తెలుగులోనూ ఆ నాలుగు మాటలు అచ్చువేస్తే సరిహద్దు దాటి వచ్చే పెద్దవాళ్లు ఇంకొకరిని అడగనక్కర్లేదు. నమూనా చీటీ తెలుగులో రాసిపెట్టే పని నగరంలోని తెలుగు సంఘాలు తీసుకోవాలి. ఏ ఆసుపత్రి అడిగినా రాసివ్వడానికి నేను సిద్ధం.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై