పండక్కి వచ్చేటప్పుడు తంగూసు తే

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. మేం బాగుండాం. నువ్వెట్టుండావో మాత్రం మీ చిన్నత్త నోటమ్మట వినాల్సి వస్తా ఉంది. అక్కడ ఫ్లాటుకు అడ్వాన్సు కట్టావంట, పెళ్లిపందిట్లో పదిమంది ముందర అనింది. మీ నాయన విననట్టే భోంచేసి లేచాడు. నేనేమీ అడగను. అడగడానికి కాదు ఈ ఉత్తరం.

ఇది చేపల సంగతి. ఎండాకాలం వస్తానంటావేమో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రం వేట నిషేధం, ఇంట్లో మంచి చేప ఉండదు. సంక్రాంతికి రా. వానలకు కనిగిరి చెరువు నిండింది, ఒండునీళ్లు తేరుకున్నాయి. మీ నాయనకు రిటైరైనాక పొద్దు పోవడంలా. ఇద్దరూ చెరువు దగ్గర బుచ్చిరెడ్డిపాలెంలో మామ ఇంట్లో దిగి, రెండు పొద్దులు గాలం వేసుకుని కూచోండి. ఇకమీదట ప్రతి పండక్కీ అదే ఆనవాయితీ. చెరువులో చేపలు సొసైటీ వాళ్లవి, ముందు మామ చేత ఒక మాట అడిగించండి.

మీ ఇద్దరికీ ముడి కూడా వెయ్యడం రాదు, అందుకని రాస్తుండా. ఎండిన వెదురు కర్ర, తొమ్మిదడుగులు చాలు. తంగూసు, అదే నైలాను దారం, కర్రంతే ఉండాల, అంతకు మించితే చేప చేతికందదు. జిలేబీ చేపలకు, పరిగెలకు 8 లేదా 10 నంబరు గాలం. నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నది, అంగట్లో తిరగేసి అడిగేవు. పెద్ద గాలం వేస్తే చేప ఎర కొరుక్కుని పోతాది, నోట్లోకి తీసుకోదు. తంగూసును గాలం కంట్లో దూర్చి, పైనున్న తంగూసు చుట్టూ ఆ కొసను ఐదు మెలికలు తిప్పి, కన్ను పక్కన మిగిలిన సందులో దూర్చి, ఎంగిలి తడి చేసి మెల్లగా బిగించు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి, సరిగ్గా ముడి దగ్గరే తెగుతాది. జీలుగు బెండు వెయ్యి. గాలానికి జానెడు పైన గురిగింజంత సీసం పెడితే బెండు నిలబడతాది. పడుకుని తేలితే సీసం చాల్లేదని, మునిగితే ఎక్కువైందని.

ఎరకు పేడదిబ్బ పక్కన తవ్వి, వానపాములను తడిమట్టి ఉన్న కొబ్బరిచిప్పలో నీడన పెట్టుకోండి. లేదంటే గోధుమపిండీ తౌడూ కలిపి ముద్ద చెయ్యి, చేతికి అంటకూడదు. పలచనైతే విసిరేటప్పుడే రాలిపోతాది. ఈ చలికి తెల్లారుజామున పోయి లాభం లేదు, ఎండ పొడిచి నీళ్లు కాస్త వెచ్చబడినాక పోండి. మీ నాయనకు బీపీ మాత్ర ఇడ్లీ తిన్నాకే. మఫ్లరు తలకు కట్టించు, ఆయన మెళ్లో వేసుకుని ఊరుకుంటాడు.

జెల్ల, ఇంగిలాయి పడితే ఒట్టి చేత్తో పట్టొద్దు, పక్కముళ్లుంటాయి. గుడ్డతో పట్టు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంటకు తగ్గకుండా పెట్టాల, ఆ విషం వేడికి విరుగుతాది. తరవాత డాక్టరు.

మీ పెద్దమామ ఇంటర్ తప్పిన ఏడు తాతయ్యకూ ఆయనకూ మాటల్లేవు. అయినా చెరువుకు కలిసే పొయ్యేవాళ్లు, మా అమ్మ పంపేది. ఆ పొద్దు మామ కర్రకు కొరమీను తగిలింది. కప్పపిల్లను ఎరేశాడు, తంగూసేమో పోయినేటిది, ఎండకెండి మొరటుబారింది. మామ నిట్టనిలువునా లాగాడు. చేప తామరకాడల్లో దూరింది. అప్పుడు తాతయ్య, "పక్కకు వంచరా, పైకి కాదు, కర్రను పక్కకు వంచు, లాగద్దు, అది అలిసిపోనీ" అని గట్టుమీంచి అరుస్తా పంచె తడుపుకుని దిగాడు. నెలల తరబడి మూసుకున్న నోరు. చేప దక్కలా, ముడి దగ్గరే పుటుక్కుమంది. దారంతా ఇద్దరూ తంగూసు తప్పా, చెయ్యి తప్పా అని వాదించుకుంటానే వచ్చారు. ఆ చేప మామ నోట్లో ఏడాదికొక శేరు పెరగతానే ఉంది.

ఫ్లాటు తీసుకుంటే తీసుకున్నావు. వాళ్లూ వీళ్లూ చెప్పే లోపల నాయనకు ఒక ఫోను చేసుంటే ఏం పోయేది? వయసొచ్చిన బిడ్డ పెద్దోళ్లకు చెప్పి చెయ్యాల... సరే, వద్దులే. ఆ రోడ్డుపక్క పొలం కయ్య సంగతి కూడా గట్టుమీద ఎత్తద్దు. ఎత్తినా ఆయనే ఎత్తాల.

పెన్న మీద సంగం బ్యారేజీ 2022లో అయింది కదా, చూద్దాం రమ్మంటాడేమో. చూసిరండి. గేట్ల కింద మాత్రం గాలం వెయ్యొద్దు, నీళ్లొదిలితే మీదికొచ్చేదాకా తెలియదు. తూటికాడల్లో చెప్పుల్లేకుండా దిగద్దు, పాములుంటాయి. తెగిన తంగూసు గట్టున పారెయ్యొద్దు, కొంగల కాళ్లకు చుట్టుకుంటాది.

వచ్చేటప్పుడు 0.30 మిల్లీమీటర్ల కొత్త తంగూసు ఒక చుట్ట, గాలాలు ఒక డజను తే. ఏ పొద్దు బయల్దేరతావో నాకు కాదు, మీ నాయనకు ఫోన్ చేసి చెప్పు. పులుసుకు ఇప్పుడు మామిడికాయ దొరకదు, చింతపండుతోనే కానిస్తా. సన్నగా అయినావని ఫోటో చూసి కనుక్కున్నాలే.

అమ్మ