రాత్రి పది దాటాక ఆఫీస్ గోల వద్దు

హాయ్ అందరికీ, నిన్న కాల్‌లో ముగ్గురు ఒకే మాట అన్నారు కదా, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో తిప్పేస్తోందని, అది బద్ధకం కాదమ్మా బర్నౌట్ కావొచ్చు, డబ్ల్యూహెచ్‌ఓ 2019లో దాన్ని జబ్బుగా కాదు, పని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితిగా లిస్టులో పెట్టింది, ఒంట్లో ఓపిక లేకపోవడం, పనంటేనే విసుగు, ఏం చేసినా సరిగ్గా చేయట్లేదనిపించడం, ఇవీ లక్షణాలు. నేనైతే యూఎస్ కాల్స్ ఉన్న మర్నాడు పొద్దున్నే మీటింగ్ వద్దని మేనేజర్‌కి చెప్పేశా, గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. ఫోన్‌లోంచి ఆఫీస్ మెయిల్ కూడా తీసేశా, రెండ్రోజులు చేతులు దురద పెట్టాయిలే. ధ్యానం యాప్‌లు నాకు అచ్చిరాలేదు, పని తగ్గకుండా ఊపిరి పీల్చుకుంటే ఏమొస్తుంది? మరీ భారంగా ఉంటే టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ గ్రూప్‌లో మాత్రం రాత్రి పది దాటాక ఆఫీస్ మెసేజ్ పెడితే డిలీట్ చేసేస్తా, ముందే చెప్తున్నా.